ఎడమ మర

ఆరు తీగలు బయటికొచ్చాయి.
ఆరింటిదీ ఒకటే రంగు.
మసీ నూనే ముప్పై ఏళ్ల రంపపు పొట్టూ
కలిపి పూసిన రంగు.
ఏది ఎక్కడికో చెప్పాల్సిన రేకు మీద
ఎవరో పుణ్యాత్ముడు పచ్చ పెయింటు కొట్టేశాడు.

పుదుప్పేట పాత ఇనుము కొట్లో
కిలోల లెక్కన తూచి కొన్నాను దీన్ని.
"బల్ల కూడా తీస్కపో నైనా" అన్నాడు కొట్టాయన.
బల్ల ఎందుకులే అన్నాను.
ఆ మాట తర్వాత రెండు రోజులు తిన్నది నన్ను.

చూలైలో మా షెడ్డు.
మధ్యాహ్నం రెండింటికి రేకుల కింద
గాలికి కూడా కరెంటు పోయినట్టుంటుంది.
జిలాని సీరీస్ బల్బు పట్టుకున్నాడు,
హారతి పళ్లెం పట్టుకున్నంత భయంగా.
"షాక్ కొడితే అన్నా?"
"కొడితే చెప్పు."

ఒకటీ రెండూ, చీకటి.
ఒకటీ మూడూ, చీకటి.
ఒకటీ నాలుగూ
బల్బు కళ్లు నులుముకుని లేచింది.
చాక్‌పీసుతో నేల మీద రాశాం.
రెండూ ఐదూ కూడా వెలిగాయి గానీ
జ్వరం విడిచిన మనిషి నవ్వినట్టు.
మొదటిది పరుగెత్తే చుట్ట.
ఇది తోసే చుట్ట,
మోటారు లేచి నిలబడేదాకా వీపున చెయ్యేసి
ఆనక పక్కకి తప్పుకునేది.
మూడూ ఆరూ భగ్గుమన్నాయి,
నడుమ ఏ అడ్డూ లేనట్టు.
అది చుట్టే కాదు. స్విచ్చు.

కెపాసిటర్ అప్పడంలా ఉబ్బి ఉంది.
కొత్తదానికి రిచీ స్ట్రీట్ దాకా పోయి రావడం,
నూట ఎనభై రూపాయలు, ఒక సోడా.

కొసలు గీకుతుంటే దొరికాయి,
మసి కింద
పురికొస ముళ్లు.
ఒకటికీ రెండుకీ ఒక్కో ముడి.
నాలుగుకీ ఐదుకీ రెండేసి.
అక్షరాలు రానివాడి రాతో
కరెంటు పోయినప్పుడు పనిచేసినవాడి రాతో.
కళ్లు మూసుకుని వేలితో చదివాను,
ఒక ముడివి ఒక దిక్కు, రెండు ముళ్లవి ఒక దిక్కు.

ఆ లెక్కనే కలిపి స్విచ్చు నొక్కాను.
మూలిగి, ఒళ్లు విదిలించి,
కుడికి తిరిగింది.
మా షెడ్డులో రంపాలన్నీ ఎడమకే తిరుగుతాయి.
"తాగి కట్టుంటాడు" అన్నాను.
జిలాని నవ్వాడు, నేను నవ్వాలనుకున్నంత.
తోసే చుట్ట కొసలు రెండూ తారుమారు చేశాను.
ఎడమకి తిరిగింది, బుద్ధిగా.
టక్కున స్విచ్చు తప్పుకుంది.
ఇద్దరికీ టీ చెప్పాను.

టీ తాగి బిళ్ల బిగించబోతే
నట్టు ఎక్కదు.
ఊదాను, నూనె వేశాను, తిట్టాను.
విసిగి వెనక్కి తిప్పితే
వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది.

గ్లాసు కింద పెట్టాను.
ఎడమ మర.
పనిగట్టుకుని లేత్ మీద కోయించిన మర.
కుడికి తిరిగే బిళ్లని
తిరిగేకొద్దీ ఇంకా బిగించే మర.
నేను కలిపినట్టు ఎడమకి తిప్పి ఉంటే
మొదటి చెక్కకే నట్టు వదులై
బిళ్ల రేకులు చీల్చుకుని
వీధిలో ఎవరింట్లోనో పడి ఉండేది.

తాగి కాదు.
అతనిది ఎడమ చెయ్యి.
లోకంలోని రంపాలన్నీ
తన చేతికి అడ్డంగా నిలబడితే
ఒకదాన్ని మటుకు
తనవైపు తిప్పుకున్నాడు.
బల్ల చూసి ఉంటే తెలిసేది,
ఏ అంచు అరిగిందో.
మర్నాడు పొద్దున్నే పోయాను. లేదు.
ఇడ్లీ కొట్టు పొయ్యిలోకి పోయిందట.

తీగలు మళ్లీ ముళ్ల ప్రకారం కలిపాను.
పాత పురికొస వేళ్ల మధ్య పొడైపోయింది.
జిలాని కొత్త దారంతో కట్టాడు,
ఒకటికి ఒకటి, రెండుకి రెండు,
నాలిక బయటపెట్టి.

స్విచ్చు నొక్కాను. కుడికి.
ఇప్పుడు దీని ముందు
నేనెటు నిలబడాలో తెలియడం లేదు.
బల్లకి అవతలి పక్కకి పోయి
నాది కాని చేత్తో
వేపచెక్కని ముందుకి తోశాను.

వంకరగా తెగింది.